యారాలి కంటికి అడ్డంగా ఎనిమిది తూజాలు

ఆ చెట్లను నేను ఇష్టంతో పెట్టలేదు, కోపంతో పెట్టాను. ఇంటి ముందు అందం కోసం పెట్టావా అని అడిగిన వాళ్లందరికీ అవునని చెప్పాను. అది అబద్ధం. నా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, నన్ను చూడకుండా ఉండటానికి పెట్టాను. ఏడాది పొడవునా పచ్చగా ఉండి, ఆకు రాల్చకుండా, నేల నుంచి తల దాకా సందు లేకుండా పెరిగే చెట్టు ఏదైనా సరే నాకు కావలసి వచ్చింది. అది తూజా అయింది.

కరీంనగర్‌లో ఊరి అంచున మా కాలనీ. మా మామ కొన్న ఒక్క జాగాలోనే అన్నదమ్ములిద్దరూ రెండిండ్లు కట్టుకున్నారు. మా బావ వాళ్ల వెనక వరండా సరిగ్గా నా ముందు వాకిలికి ఎదురుగా వచ్చింది. మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. అంతకు మించి లేపకూడదని మా అత్తమ్మ పోయే ముందు కొడుకులిద్దరి చేత మాట తీసుకుంది. అన్నదమ్ముల మధ్య కూరగిన్నె దాటేంత గోడే ఉండాలట. గిన్నె ఎంత ఎత్తున దాటుతుందో అంత ఎత్తున కండ్లు కూడా దాటుతాయని ఆ మహాతల్లికి తోచలేదు.

మా యారాలు పొద్దున బియ్యం ఏరినా, మధ్యాహ్నం కూర తరిగినా, సాయంత్రం జడ వేసుకున్నా ఆ వరండాలోనే. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. వచ్చే వాళ్లు వస్తారు, పోయే వాళ్లు పోతారు. మా ఆయన దుబాయిలో క్రేన్ నడుపుతాడు, రెండేండ్లకొకసారి వస్తాడు. కానీ నా వాకిట్లో ఏం జరిగిందో ఆయనకు ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. బోరు మోటరు చెడిపోయి మెకానిక్ రెండు సార్లు వచ్చిన రోజున ఫోన్ చేసి, మోటరు ఒక్కసారి చూస్తే కాదా, రెండోసారి ఎందుకొచ్చిండు అని అడిగాడు. వంట చేయడానికి ఒళ్లు బరువై బిర్యానీ పార్సిల్ తెప్పించుకున్న రోజున, ఒక్కదానివే తిన్నవా అని అడిగాడు. నీకెవరు చెప్పారంటే, ఎవ్వరు చెప్పలే, ఊకెనే అడుగుతున్న అనేవాడు. సముద్రం అవతల క్రేన్ మీద కూర్చున్న మనిషికి నా బిర్యానీ వాసన ఎట్లా పోతుంది? వరండాలోంచే పోతుంది.

యారాలు నన్ను నిందించలేదు, కొట్టలేదు, తిట్టలేదు. చూసింది, చెప్పింది, అంతే. అదే నాకు నరకం. గాలికి చీర కొంగు జారినా ముందు గోడ వైపు చూసుకునే అలవాటు పడింది నాకు. నా ఇంట్లో నేను దొంగలా తిరిగాను. గోడ రెండు వరుసలు లేపుదామని బావను అడిగితే, అమ్మ మాట అంటూ నేలచూపులు చూశాడు. మా ఆయనను అడిగితే, మన వదినె చూస్తే ఏమైతది, పరాయిదా అన్నాడు. గోడ వద్దన్నారు గానీ చెట్లు వద్దని ఎవరూ అనలేదు కదా అనుకున్నాను.

బైపాస్ రోడ్డు మీద ఒక ముసలాయన నర్సరీ ఉంది. అందరూ ఆయనను చాచా అనే పిలుస్తారు. ఏం చెట్టు కావాలి బేటీ అంటే, మనిషి కండ్లకు అడ్డం వచ్చేది కావాలన్నాను. ఆయన నవ్వలేదు, ఎవరి కండ్లు అని అడగలేదు. చిన్న నల్ల కవర్లలో వరుసగా పెట్టిన మొక్కల దగ్గరికి తీసుకుపోయాడు. ఆకు ఆకులా లేదు. ఇస్త్రీ చేసిన నెమలి ఈకలను నిలువుగా పేర్చినట్టు ఉంది. నలిపితే కర్పూరం లాంటి ఘాటు వాసన.

"మోర్‌పంఖీ తీస్కపో. తూజా అంటరు. ఎండకు ఆగుతది, ఆకు రాల్చది, గోడ లెక్క నిలవడ్తది. గని కొమ్మలు కోసేటప్పుడు జర..."

ఆయన మాట పూర్తి కాకముందే నేను అడ్డం తగిలాను. నేను బోథ్ బిడ్డను చాచా, అడివి పక్కన పుట్టినోళ్లకు చెట్లు కోసుడు నేర్పుతవా అన్నాను. ఆయన చేతులు దులుపుకొని, అయితే నీ ఇష్టం బేటీ అని మొక్కలను ఆటోలో పెట్టించాడు. జంటలుగా పెడితేనే వాస్తుకు మంచిదని పక్కన నిలబడ్డ ఒకావిడ సలహా ఇస్తే ఎనిమిది తెచ్చాను. ఎదుటి వాళ్ల మాట చివరి దాకా వినకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది. మా అవ్వ నన్ను ఆగం పోరి అనేది ఊరికే కాదు.

మా వాకిలి నిండా గ్రానైట్ ముక్కలు పరిచి ఉంటాయి. ఈ ఊర్లో మట్టి కంటే గ్రానైటే చవక. గోడ వెంట ఆ ముక్కలను గడ్డపారతో పెకిలించి, కింద పోసిన కంకరను తవ్వి, ఎనిమిది గుంతలు చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. యారాలు వరండాలో కూర్చొని నాలుగు రోజులూ చూసింది. అయిదో రోజున గోడ మీద మోచేతులు ఆనించి అడిగింది.

"గిదేం చెట్టు చెల్లె? పువ్వు లేదు, కాయ లేదు. పూజకు పనికి రాదు, పొయ్యిలకు పనికి రాదు."

కండ్లకు పనికి వస్తుందక్కా అని మనసులో అనుకున్నాను. బయటికి నవ్వాను.

మొదటి ఎండాకాలం రెండు మొక్కలు మాడి పోయాయి. వాటి బదులు మళ్లీ తెచ్చాను. కోత మిషన్ల దగ్గర నుంచి లేచే గ్రానైట్ దుమ్ము మా కాలనీ మీదే వాలుతుంది. తూజా ఆకుల సందుల్లో అది సున్నం వేసినట్టు పేరుకునేది. దుమ్ము పేరుకుంటే చిన్న ఎర్ర పురుగులు పడతాయి, ఆకు పసుపు తిరుగుతుంది. రోజూ సాయంత్రం పైపు పట్టి ఒక్కొక్క చెట్టును తల నుంచి కాళ్ల దాకా కడిగేదాన్ని. పసిపిల్లలకు కూడా అంత ఓపికగా నీళ్లు పోసి ఉండను. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందని వానాకాలం కాలువ తీసేదాన్ని. ఇంత సేవ ప్రేమతో చేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చెట్టు ఒక జానెడు పెరిగితే యారాలి కండ్లు ఒక జానెడు మూసుకున్నట్టు లెక్క. ఆ లెక్క కోసమే చేశాను.

అయిదో ఏడుకు చెట్లు నా తలను దాటాయి. ఒకదానితో ఒకటి భుజాలు కలుపుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం వాకిట్లోకి వచ్చి చూస్తే వరండా లేదు. వరండా స్తంభం లేదు, దండెం మీద బట్టలు లేవు, ఆమె లేదు. అంతా పచ్చదనమే. నేను జుట్టు విరబోసుకొని గడప ముందు మెట్టు మీద కూర్చొని, మామిడికాయ ముక్కలు ఉప్పుకారం అద్దుకొని తిన్నాను. ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి, తిన్నవా, పండుకున్నవా అని తప్ప ఏమీ అడగలేదు. పెండ్లయిన పద్దెనిమిదేండ్లకు నేను సుఖపడింది ఆ ఒక్క ఏడాదే. గోడ మీదుగా కూరగిన్నె రావడం కూడా ఆగిపోయింది. ఆమె గంగవాయిలి కూర పప్పు బాగా చేస్తుంది. అది పోయినందుకు కూడా నేను బాధపడలేదు.

ఆ ఏడే వినాయక చవితికి మా కాలనీ మండపంలో పత్రి దగ్గర పేచీ వచ్చింది. అయ్యగారు ఇరవై ఒక్క పత్రాల పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరు ఒక్కొక్క ఆకు వేస్తున్నారు. దేవదారు పత్రం దగ్గరికి వచ్చేసరికి ఎవరి బుట్టలోనూ ఏమీ లేదు. ప్రతి ఏడూ అక్కడ అక్షింతలు వేసి దాటించేవాళ్లు. ఆ రోజు ఆయనకు ఏం పట్టుదల వచ్చిందో, ఇంత పెద్ద కాలనీలో ఒక్క దేవదారు కొమ్మ దొరకదా అన్నాడు. ఆడవాళ్ల వరుసలోంచి మా యారాలి గొంతు వినిపించింది.

"మా చెల్లె వాకిట్ల ఎనిమిది చెట్లున్నయి అయ్యగారు."

అది దేవదారు కాదని చెప్పడానికి నేను లేచాను. అప్పటికే ఒకామె పోయి కొమ్మ విరుచుకొని వచ్చింది. అయ్యగారు దాన్ని వాసన చూసి, ఆ జాతిదే అన్నాడు. జాతి అంటే జాతే, దేవుడి ముందు నేను వాదించగలనా? మరుసటి రోజు ఇండ్లల్లో పూజలు మిగిలిపోయిన వాళ్లు, పక్క కాలనీ వాళ్లు, వాళ్ల చుట్టాలు, అందరూ వచ్చారు. సగం మంది నా గేటు తీసుకొని వచ్చారు, సగం మంది యారాలి వరండాలోకి పోయి గోడ మీదుగా చేతులు చాపారు. దేవుడికి అన్న తరువాత చారెడు ఆకు తెంపి ఊరుకోరు, మూరెడు కొమ్మ విరుస్తారు. మనిషి చెయ్యి సులువుగా అందేది భుజం ఎత్తున. కండ్లుండేదీ దాదాపు ఆ ఎత్తునే. మూడు రోజులు అయ్యేసరికి ఎనిమిది చెట్లకూ సరిగ్గా ఆ ఎత్తున బొందలు పడ్డాయి. ఒక బొందలోంచి చూస్తే అవతల యారాలు బియ్యం ఏరుతోంది. తలెత్తి, పుణ్యం వచ్చింది చెల్లె నీ చెట్లకు అంది.

ఎగతాళికి అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎగతాళికే అన్నదని అప్పుడు అనుకున్నాను. ఆ సాయంత్రం ఫోన్‌లో మా ఆయన, దేవునికి ఆకులిస్తే మొహం మాడ్సుకున్నవట అన్నాడు. అంటే మళ్లీ మొదలైంది.

నిమజ్జనం అయిన తెల్లారి నేను కొడవలి, చేతి రంపం తీశాను. వానలు ఇంకా ఉన్నాయి, చిగురుకు అదను. బోథ్‌లో మా బాపు చెట్టును కోస్తే సగం సగం కోసేవాడు కాదు. పిరికోడు కోసిన కొమ్మ ఎండుతది, మొగోడు మొదలుకు కోస్తే గుంపుగా చిగురేస్తది అనేవాడు. మా చేను గట్ల మీద మోదుగ అట్లాగే వచ్చేది, టేకు మోడు నుంచి ఏడెనిమిది పిలకలు లేచేవి. తంగేడును బతుకమ్మకు ఊరంతా దోచుకుపోయినా మళ్లీ ఏడాదికి విరగబూసి నిలబడేది. నరికితే చిగురించని చెట్టు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పబోయిన ఒక్కడిని నేను చెప్పనివ్వలేదు.

ఎనిమిది చెట్లకూ బొందలు పడ్డ చోటే కాదు, కింద నుంచి పైదాకా గోడ వైపు కొమ్మలన్నీ మానుకు తగిలేదాకా కోసేశాను. కోసిన చోటల్లా పేడ పూశాను. ఆ వైపు ఎర్రటి కట్టె తప్ప ఒక్క ఆకు మిగల్లేదు. యారాలు గోడ దగ్గరికి వచ్చి, గంత కోసినవేంది చెల్లె అంది. నీ దిక్కే గదా, నీకు గాలి వస్తది అన్నాను. నా మనసులో ఉన్నది వేరు. రెండు నెలలు ఓపిక పడితే చేయి దూరనంత దట్టంగా చిగురు వస్తుంది, పత్రి కాదు గదా చీమ కూడా దూరదు అనుకున్నాను.

బతుకమ్మ పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. రోజూ పొద్దున లేవగానే మాను మీద వేళ్లతో తడిమి చూసేదాన్ని. ఎక్కడా మొటిమంత చిగురు లేదు. చలికాలానికి మిగిలిన సగం కూడా లోపల నుంచి గోధుమ రంగు తిరగడం మొదలైంది. ఎండాకాలం మధ్యకు అయిదు చెట్లు నిలువునా ఎండిపోయాయి. ముట్టుకుంటే పొడి రాలేది. పేడ వేశాను, వేపపిండి వేశాను, చిగురు మందు అని దుకాణంలో ఏది ఇస్తే అది కొట్టాను. ఆ ఎండు కట్టెల మధ్య నుంచి వరండా మునుపటి కంటే బాగా కనిపించింది. మునుపు అడ్డం లేదు, ఇప్పుడు అడ్డం పోయింది. రెండోదే ఎక్కువ మండిస్తుంది.

నా తప్పు ఉండే వీలు లేదు. నేను అడవి పక్కన పుట్టినదాన్ని. కాబట్టి ఇంకెవరిదో కావాలి. ఒకరోజు యారాలు వరండా బండలను యాసిడ్ వేసి కడగడం చూశాను. ఆ నీళ్లు గోడ కింది తూము గుండా మా వైపే వస్తాయి. చెట్ల మొదట్లో తెల్లగా ఉప్పు తేలిన గుర్తు కూడా కనిపించింది. అది మా బోరు నీళ్ల ఉప్పే, పంపు కిందా బకెట్ల అడుగునా ప్రతి ఇంట్లో ఉండేదే. కానీ నాకు అప్పుడు సాక్ష్యం దొరికినట్టు అయింది. నా కంటికి అది యాసిడే. కాలనీలో ఒక్కొక్కరి కొలతలు తీసుకుంటూ, ఒక్కొక్కరి చెవిలో వేశాను. బ్లౌజు కుట్టే దాని దగ్గర మాట పెడితే బ్లౌజు కంటే ముందు ఇల్లు చేరుతుంది.

మళ్లీ చవితి వచ్చింది. పత్రి కోసం వచ్చిన ఆడవాళ్లు ఎండిన చెట్లను చూసి నోళ్లు వెళ్లబెట్టారు. నేను వాళ్లందరినీ వెంటబెట్టుకొని మండపానికి పోయాను. అయ్యగారు ఉన్నాడు, బావ ఉన్నాడు, యారాలు దండ గుచ్చుతోంది. దేవుడికి ఆకులిచ్చిన చెట్లను యాసిడ్ పోసి చంపిన వాళ్లు ఎవరో దేవుడి ముందే తేల్చమన్నాను. పేరు చెప్పలేదు, చెప్పకపోయినా అక్కడ అందరికీ తెలుసు. బావ లేచి, ఇంట్ల మాట్లాడుకుందాం పా అన్నాడు. నేను కదల్లేదు.

యారాలు దండ పక్కన పెట్టి లేచింది. ఆమె మొహంలో కోపం కనిపించలేదు, అదే నన్ను మరింత రెచ్చగొట్టింది.

"నేను పొయ్యలే చెల్లె. గా చెట్టు గుణం వేరే, జర నర్సరీల పోయి అడు..."

చెట్టు గుణం నాకు చెప్పకు, నీ గుణం చెప్పు అని అరిచాను. ప్రమాణం చెయ్యమన్నాను. చవితి రోజున దేవుడి ముందు ప్రమాణం అంటే మా వైపు ఆటలు కాదు. అబద్ధపు ప్రమాణం ఇంటి పిల్లలకు తగులుతుందంటారు. ఆమెకు ఒక్కతే బిడ్డ, అప్పుడే డిగ్రీ కాలేజీలో చేరింది. వద్దని అంటుందని, వెనక్కి తగ్గుతుందని, తగ్గితే చాలని నేను అనుకున్నాను.

ఆమె హారతి పళ్లెంలోంచి కర్పూరం బిళ్ల తీసుకొని అరచేతిలో పెట్టుకుంది. వెలిగించమని బావ వైపు చెయ్యి చాపింది. ఆయన వెలిగించలేదు. తనే వత్తి నుంచి అంటించుకుంది. యాసిడ్ పొయ్యలే, ఏం పొయ్యలే, పోస్తే నా బిడ్డ మీద ఒట్టు అంది. అంత మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ మాట అయిపోయాక కూడా ఆమె దాన్ని దులుపుకోలేదు. కర్పూరం పూర్తిగా కాలి ఆరిపోయే దాకా చెయ్యి నా ముందు చాపే ఉంచింది. కండ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో నీళ్లు తెచ్చారు. నేను చూస్తూ నిలబడ్డాను. నమ్మలేదు. ఎంత గుండె ధైర్యం, అబద్ధానికి కూడా చెయ్యి కాల్చుకుంది అనుకుంటూ ఇంటికి వచ్చాను. నేను అంత చెడ్డగా ఆలోచించానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అట్లాగే ఆలోచించాను.

ఆ రోజు నుంచి ఆమె నన్ను చూడటం మానేసింది. వరండాలోనే కూర్చుంటుంది, బియ్యం అక్కడే ఏరుతుంది. నేను వాకిట్లోకి వస్తే తల తిప్పుకోదు, లేచి పోదు. ఆమె చూపు నా మీద నుంచి సాగి పోతుంది, నేనున్న చోట ఎవరూ లేనట్టు. మా ఆయన ఫోన్లలో ప్రశ్నలు ఆగిపోయాయి. ఒకసారి ఆయనే, అక్కడ ఏం నడుస్తుందో ఒక్క ముచ్చట తెలుస్తలేదు అన్నాడు. మొదట్లో నాకు పండుగలా ఉంది. బిర్యానీ తెప్పించుకొని వాకిట్లోనే కూర్చొని తిన్నాను. ఆమె చూస్తుందేమోనని రెండు మూడు సార్లు తల ఎత్తాను. చూడలేదు.

అది కూడా నేను ఓర్వలేకపోయాను. కావాలనే నన్ను పురుగులా తీసేస్తోందని కోపం. చూస్తే కోపం, చూడకపోతే కోపం. దీనికి మందు ఏమిటని మా అవ్వను అడిగితే, ఒక పని ఎక్కువ చేసుకో అంది. ఏ పని చేసినా వాకిట్లోకి రాక తప్పదు కదా.

చలికాలం దాటాక ఎండిన అయిదింటినీ పెకిలించి, కొత్త మొక్కల కోసం నర్సరీకి పోయాను. రుజువు చూపించాలి కదా, ఒక ఎండు కొమ్మను కూడా సంచిలో పెట్టుకొని పోయాను. యాసిడ్ పోస్తే ఇట్లాగే అవుతుందా చాచా అని అడిగాను. ఆయన కొమ్మను అటూ ఇటూ తిప్పాడు, కోసిన చోట బొటనవేలితో రుద్దాడు.

"యాసిడ్ కాదు బేటీ, కొడవలి. గీ జాత్ పచ్చ ఉన్న కాడనే చిగురేస్తది. ఎర్ర కట్టె దాక కోస్తే ఇగ అంతే, జిందగీల రాదు. నీ యారాలికి కూడ గదే చెప్పిన."

ఏ యారాలు అన్నాను. ఏ యారాలో తెలిసే అన్నాను. పోయిన ఏడు ఎండలు ముదిరినప్పుడు ఎనిమిది మొక్కలు కొన్న ఆమె యారాలినని చెప్పుకుంటూ ఒకామె ఇట్లాగే ఎండు కొమ్మ పట్టుకొని వచ్చిందట. మా చెల్లె చెట్లు ఎండుతున్నయి, నా మూలంగనే కొమ్మలు ఇరిగినయి, ఏమన్న మందుంటే ఇయ్యుండ్రి అని అడిగిందట. ఆయన మందు లేదని, కోసిన చెయ్యిదే తప్పని చెప్పి పంపాడట. బిచారి శానా పరేషాన్ అయింది అన్నాడు.

ఎండలు ముదిరినప్పుడు. అంటే చవితికి నాలుగు నెలల ముందే ఆమెకు తెలుసు. మండపంలో నాకు చెప్పబోయింది అదే. నేను అరిచాను, ఆమె ఆగిపోయింది. ఆ తరువాత అయినా, చెట్లను చంపింది నువ్వే అని అందరి ముందు గట్టిగా ఒక్క మాట అంటే సరిపోయేది. చాచాను పిలిపిస్తే అయిపోయేది. ఆమె అనలేదు. నా పరువు కాపాడటానికి అనలేదని మంచి మనుషులు అనుకుంటారు. నేను అంత మంచిదాన్ని కాదు. నన్ను పాపంలో ముంచి, దాన్ని నేను జీవితమంతా మోయాలనే ఊరుకుందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. ఏది నిజమో ఆమెకే తెలుసు. తప్పు నాదని తెలిసిన తరువాత ఆమె మీద నా కోపం తగ్గలేదు, పెరిగింది.

మొక్కలు ఆటోలో వేసుకొని వచ్చి దించాను. ఆమె వరండాలో మిరపకాయల తొడిమెలు తీస్తోంది. గోడ దగ్గరికి పోయి, అక్కా అన్నాను. అయిదారు నెలల తరువాత అది మొదటి మాట. తల ఎత్తలేదు. చెట్లను నేనే సంపుకున్న, చాచా చెప్పిండు అన్నాను. మిరప ఘాటు వల్లనో ఏమో కండ్లు మండాయి.

ఆమె ఇంకో నాలుగు కాయల తొడిమెలు తీసింది. తరువాత తల ఎత్తకుండానే అంది.

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు ముందే తెల్సు. మండపంల చెప్పు."

చెయ్యి చాపి ఇంకో గుప్పెడు మిరపకాయలు దగ్గరికి లాక్కుంది. అప్పుడు కనిపించింది అరచేతిలో మచ్చ. రూపాయి బిళ్లంత, గులాబీ రంగులో, చుట్టూ ముడతలు పడి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత చెప్పుకునే అర్హత కూడా నాకు లేదు. కాలింది నా చెయ్యి కాదు.

ఆ తరువాత రెండు చవితులు పోయాయి. మొదటి ఏడు మండపం దాకా పోయి, ఆడవాళ్లలో కూర్చొని, దేవదారు పత్రం దగ్గర అందరూ అక్షింతలు వేస్తుంటే నేనూ వేసి లేచి వచ్చాను. రెండో ఏడు ఒళ్లు బాగా లేదని ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. యాసిడ్ మాట మాత్రం కాలనీలో బతికే ఉంది. మొన్న బ్లౌజు కొలతలకు వచ్చిన ఒక కొత్త కోడలు, మీ యారాలే గదా చెట్లకు యాసిడ్ పోసింది అని అడిగింది. నేను టేపుతో ఆమె భుజం కొలుస్తూ, చెయ్యి పైకెత్తు అన్నాను.

కొత్త తూజాలకు రోజూ నీళ్లు కడుతున్నాను, దుమ్ము కడుగుతున్నాను. కత్తెర మొనతో పచ్చ కొసలు మాత్రమే తుంచుతున్నాను, చాచా చెప్పినట్టే. ఇప్పుడు అవి నా నడుం దాకా వచ్చాయి. యారాలు ఇటు చూడదు, ఆమె కండ్లకు అడ్డం అక్కర్లేదు. కానీ నేను వాకిట్లోకి వచ్చినప్పుడల్లా నా కండ్లు ముందు ఆ వరండాలోకి, ఆ అరచేతి మీదికే పోతాయి. తల దాటడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందని మొన్న చాచాను అడిగాను. ఇంకో మూడు వానలు కావాలె, తొందరపడకు బేటీ అన్నాడు.